వడ్డించే చేతులు, వాక్యం చెప్పే నోరు

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో నవంబరు మొదట్లో రోడ్లు చాలావరకు మూసేస్తారు. మళ్లీ వాహనాలు తిరిగేది ఏప్రిల్ సగం గడిచాకే. 1872లో ప్రపంచంలోనే మొదటి జాతీయ పార్కుగా ఏర్పడిన ఆ ప్రదేశానికి 2024లో 47 లక్షలకు పైగా సందర్శనలు నమోదయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. వేడినీటి బుగ్గల్ని, బైసన్ మందల్ని, జలపాతాల్ని చూడడానికి వచ్చే ఆ జనంలో అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలూ ఉంటాయి. సృష్టిని చూసి ఆనందిస్తారు, సృష్టికర్తను స్తుతిస్తారు, ఫొటోలు తీసుకుని ఇంటిదారి పడతారు. మంచిదే. కానీ వాళ్లు పడుకున్న గదిలో దుప్పట్లు మార్చిందెవరు? వాళ్లు తిన్న పళ్లేలు కడిగిందెవరు? ఆ నాలుగు నెలల కోసమే అక్కడికి వచ్చి చేరే సీజన్ పనివాళ్లు. కాలేజీ సెలవుల్లో నాలుగు డబ్బులు సంపాదించుకుందామని వచ్చిన విద్యార్థులు, రిటైరైనవాళ్లు, ఇతర దేశాల నుంచి వచ్చిన యువకులు. కంపెనీ ఇచ్చే హాస్టల్ గదిలో మరొకరితో కలిసి ఉంటారు. ఆ గదికీ తిండికీ అయ్యే సొమ్ము జీతంలోనే కోసుకుంటారు. ఊరు లేదు, సంఘం లేదు, ఇంటివాళ్లు లేరు.

ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఇన్ అని ఎల్లోస్టోన్‌లో పెద్ద పెద్ద దుంగలతో కట్టిన ఒక హోటల్ ఉంది. 1904లో తెరిచారు. అక్కడ అతిథుల సామాన్లు మోసే బెల్‌బాయ్‌గా వారెన్ ఓస్ట్ అనే యువకుడు పనిచేశాడు. ఆయన ప్రిన్స్‌టన్ సెమినరీలో వేదాంత విద్యార్థి కూడా. ఆయన ఆధ్వర్యంలో అక్కడ మొదలై, 1951 నుంచి ఒక సంస్థగా నిలదొక్కుకున్న పని పేరు 'ఎ క్రిస్టియన్ మినిస్ట్రీ ఇన్ ద నేషనల్ పార్క్స్'. ఇది ఏ ఒక్క డినామినేషన్‌కూ చెందినది కాదు. దాని పద్ధతి చాలా సరళమైనది. పరిచర్య చేయగోరే విద్యార్థులు, యువకులు ముందు పార్కులో ఒక ఉద్యోగంలో చేరాలి. వెయిటర్‌గానో, హౌస్‌కీపింగ్‌లోనో, దుకాణంలోనో, రిసెప్షన్‌లోనో అందరితోపాటు పూర్తి పని చేయాలి. ఆదివారం తోటి పనివాళ్ల కోసం, సందర్శకుల కోసం ఆరాధనలు నడిపించాలి. అందుకు ఒకచోట చాపెల్ ఉంటుంది, మరొకచోట సాయంత్రాలు మంట వేసుకుని కూర్చునే చోట పరచిన దుంగ బల్లలే గుడి అవుతాయి. ఎల్లోస్టోన్‌లో వేసవి సీజన్ అయితే, ఎండ మండిపోయే డెత్ వ్యాలీ వంటి చోట్ల చలికాలమే సీజన్. పక్షులు వలస వెళ్లినట్టు పరిచర్య కూడా కాలాన్ని బట్టి కదులుతూ ఉంటుంది.

ఇక్కడ మన పాఠకుల్లో చాలామందికి ఒక ప్రశ్న వస్తుందని మాకు తెలుసు. వారమంతా గిన్నెలు కడిగి అలసిపోయినవాడు ఆదివారం ఏం వాక్యం చెబుతాడు? సువార్త మీద అంత భారమున్నవాడు హోటల్ పని మానేసి పూర్తికాలపు సేవకుడు కావచ్చు కదా? మన తెలుగు సంఘాల్లో ఈ ఆలోచన బాగా వేళ్లూనుకుంది. 'ఉద్యోగం విడిచిపెట్టి సేవకు వచ్చాను' అన్న సాక్ష్యానికి వచ్చినన్ని చప్పట్లు 'ఉద్యోగం చేస్తూనే సేవ చేస్తున్నాను' అన్న సాక్ష్యానికి రావు. రెండోవాడు ఎక్కడో రాజీపడ్డాడనీ, విశ్వాసం చాలలేదనీ ఒక అనుమానం. పల్లెల్లో కూలికి వెళ్లి, బట్టలు కుట్టి, ఆటో తోలి కుటుంబాన్ని పోషించుకుంటూ చిన్న సంఘాన్ని కాస్తున్న దైవజనులను పట్నంలోని కన్వెన్షన్ వేదిక మీద కూర్చోబెట్టడం ఎంతమంది చూశారు?

ఈ విషయంలో లేఖనం ఏం చెబుతుందో అపొస్తలుల కార్యముల గ్రంథంలోని 6వ అధ్యాయం దగ్గర నుంచే చూడాలి. యెరూషలేము సంఘంలో విధవరాండ్రకు ఆహారం పంచే విషయంలో సణుగుడు పుట్టింది. ఆ పని చూడడానికి ఏడుగురిని ఏర్పరిచారు, అపొస్తలులు ప్రార్థనకూ వాక్యానికీ తమను అంకితం చేసుకున్నారు. ఇంతవరకే చదివి 'చూశారా, వాక్యసేవ వేరు, వడ్డన వేరు' అనేవాళ్లున్నారు. మూలభాషలో ఆ రోజువారీ ఆహారం పంచడానికి వాడిన మాటే, నాలుగో వచనంలో వాక్యం చెప్పడానికీ వాడారు. మన తెలుగు బైబిల్ అనువాదకులు కూడా రెండుచోట్లా పరిచర్య అనే మాటనే ఉంచి మనకు మేలు చేశారు. బల్ల దగ్గరిదీ పరిచర్యే, ప్రసంగ వేదిక దగ్గరిదీ పరిచర్యే. పైగా తరువాతి అధ్యాయాల్లో జరిగిందేమిటి? వడ్డించడానికి ఏర్పరచిన స్తెఫను వాక్యం చెప్పి మొదటి హతసాక్షి అయ్యాడు. అదే జాబితాలోని ఫిలిప్పు గాజా దారిలో రథం పక్కన పరుగెత్తి ఒక ఐతియొపీయునికి యెషయా గ్రంథాన్ని విప్పి చెప్పాడు (అపొ.కా. 8:26-39).

ఆ దారిలోని కలయికను పార్కుల్లోని పరిచర్య చేసేవాళ్లు తమదిగా చెప్పుకోవచ్చు. ప్రయాణంలో ఉన్న మనిషి, ఒక్కసారే కలిసిన మనిషి, మళ్లీ ఎప్పుడూ ఎదురుపడని మనిషి. ఫిలిప్పు అతనికి ఫాలోఅప్ చేయలేదు, తన సంఘంలో పేరు రాసుకోలేదు. అతడు సంతోషిస్తూ తన దారిన వెళ్లాడు. ఎల్లోస్టోన్‌లో ఆదివారం ఆరాధనకు వచ్చిన కుటుంబం సోమవారానికి మరో రాష్ట్రంలో ఉంటుంది. పేర్లు పెంచుకోవాలనీ, కానుకలు లెక్కపెట్టుకోవాలనీ చూసే సేవకుడికి అలాంటి చోట చేయడానికేమీ లేదు.

ఇక పౌలు సంగతి. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడని అందరికీ తెలుసు (అపొ.కా. 18:3). ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డానని థెస్సలొనీకయులకు తానే రాశాడు (1 థెస్స. 2:9). కానీ మరో రెండు వచనాలు ముందుకు వెళ్లండి. మాసిదోనియ నుంచి సీల, తిమోతి వచ్చాక పౌలు వాక్యం చెప్పడంలోనే నిమగ్నుడయ్యాడు (18:5). మాసిదోనియ సహోదరులు తన అవసరం తీర్చారని ఇంకోచోట ఆయనే చెప్పాడు (2 కొరింథీ. 11:9). అంటే డేరాలు కుట్టడాన్ని ఆయన ఒక సిద్ధాంతం చేయలేదు, మానడాన్నీ సిద్ధాంతం చేయలేదు. డేరాలకూ ఒక సీజన్ ఉంది, సహాయం అందుకోవడానికీ ఒక సీజన్ ఉంది. రెండు కాలాల్లోనూ ఆయన తప్పకుండా చూసుకున్నదొకటే. తన పరిచర్య బరువు ఎవరి వీపు మీద పడుతోంది? ఇష్టపూర్వకంగా మోస్తామన్నవారి మీద పడితే సంతోషంగా అంగీకరించాడు. కాదనలేక మోసేవారి మీద పడకుండా చేతులు కాయలు కాసేలా పనిచేశాడు.

పనికీ పరిచర్యకూ సమతూకం ఎలా అన్న ప్రశ్నను మేము ఇక్కడి నుంచే అడుగుతాం. చాలామంది దాన్ని గంటల లెక్కగా చూస్తారు. వారానికి నలభై గంటలు ఉద్యోగానికి, పది గంటలు దేవునికి, మిగతాది నిద్రకు అని. గంటలు పంచుకోవడం తెలివైన పనే. కానీ అసలు చిక్కు ఎక్కడుందో హోటల్ పనివాళ్లకు తెలుసు. ఆదివారం ఉదయం చర్చికి పవిత్రమైన సమయం, హోటల్‌కు మాత్రం గదులు ఖాళీ చేసేవాళ్లతో, టిఫిన్లకు బారులు తీరేవాళ్లతో ఊపిరాడని సమయం. పది గంటల ఆరాధన నడిపించాల్సిన యువకుడు ఆ పూట వంటింట్లో లేకపోతే అతని పని ఎవరో ఒకరు చేయాలి. షిఫ్ట్ మార్చుకున్న తోటి పనివాడు చేస్తాడు. ముందే అడిగి, బదులుగా అతని శనివారం రాత్రి షిఫ్ట్‌ను తాను తీసుకున్నాడా? లేక 'దేవుని పని కదా' అని చెప్పి గిన్నెల గుట్టను అతనికి వదిలి బైబిల్ పట్టుకుని వెళ్లిపోయాడా? ఈ రెండింటిలో ఏది జరిగిందన్నదే ఆ వంటింట్లోని పదిమందికి ఆ వారం అందే ప్రసంగం. చాపెల్‌లో చెప్పిన ప్రసంగాన్ని వాళ్లు ఎలాగూ వినలేదు, పనిలో ఉన్నారు.

పరిచర్య పేరుతో పని ఎగ్గొట్టేవాడు దేవునికి సమయం ఇవ్వడం లేదు, పక్కవాడి సమయాన్ని తీసి దేవునికి ఇస్తున్నాడు. దావీదు ఒర్నాను కళ్లంలో బలిపీఠం కట్టేటప్పుడు ఊరికే ఇస్తామన్న ఎడ్లను సైతం పూర్తి వెల ఇచ్చి కొన్నాడు (1 దినవృ. 21:22-25). పక్కవాడి ఎద్దుతో బలి అర్పించనన్నాడు. పక్కవాడు ఆనందంగా ఇస్తానన్నా సరే.

రెండో చిక్కు ఇంకా సున్నితమైనది. వెయిటర్‌గా ఉన్న విశ్వాసి బల్ల దగ్గరికి వచ్చిన అతిథికి సువార్త చెప్పవచ్చా? మనవాళ్లలో కొందరు వెంటనే 'సమయమందును అసమయమందును' అంటారు. తిమోతికి పౌలు చెప్పిన ఆ మాటకు (2 తిమోతి 4:2) అర్థం లేచి వెళ్లలేనివాడిని పట్టుకోవడం కాదు. అన్నం కోసం కూర్చున్నవాడు అన్నం వచ్చేదాకా కదలలేడు. హాస్టల్‌లో ఒకే గదిలో ఉంటున్నవాడు సీజన్ అయ్యేదాకా గది మారలేకపోవచ్చు. కంపెనీ మనకు జీతమిచ్చేది వడ్డించడానికి. ఆ జీతపు గంటల్లో అతిథిని మన శ్రోతగా మార్చుకోవడం యజమానికీ అన్యాయం, అతిథికీ అన్యాయం. పైగా అవి ప్రభుత్వ భూములు. ఒక మతాన్ని ప్రభుత్వం స్థాపించకూడదనీ, ఏ మతాచరణనూ అడ్డుకోకూడదనీ అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ చెబుతుంది. అక్కడ ఆరాధన జరుపుకునే స్వేచ్ఛకూ, బలవంతం చేయకూడదన్న హద్దుకూ ఆధారం ఒకటే. ఆ హద్దు సువార్తకు అడ్డుగోడ అని మేము అనుకోవడం లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండమని, అదీ సాత్వికంతో చెప్పమని పేతురు రాశాడు (1 పేతురు 3:15). అడిగేలా బతకడం ముందుగా జరగాల్సిన పని.

అన్నం చేతిలో ఉన్నప్పుడు సువార్తను ఎలా పట్టుకోవాలో నేర్పిన ఉదాహరణ కోసం మనం అంత దూరం వెళ్లనక్కర్లేదు, ఒంగోలు వెళ్తే చాలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకు ముందు స్వదేశంలో సర్వేయరుగా పనిచేసినవాడు. 1876-78లో ధాత కరువు తెలుగు నేలను కాల్చేసినప్పుడు ఆ పాత విద్య పనికొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలయ్యారు. పొద్దంతా పని చూసి, కూలీలు అలుపు తీర్చుకునే వేళ వాళ్ల మధ్య కూర్చుని దేవుని మాట చెప్పారు. ఆనాడు వాళ్లను పార్ట్‌టైమ్ సేవకులన్నవారెవరూ లేరు. వేలాదిమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సహాయం సాగినన్నాళ్లూ, ఏడాదికి పైగా, ఆపి ఉంచాడు. కూలి కోసం వచ్చిన విశ్వాసమో, క్రీస్తు కోసం వచ్చిన విశ్వాసమో తేలాలి కదా. సహాయం ఆగిపోయి, ఇక తమకు ఒరిగేదేమీ లేదని తెలిసీ వాళ్లు మళ్లీ వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ సంఖ్యకు ముందు గడిచిన నెలల ఓర్పును మాత్రం చెప్పుకోం. కూలి ఇచ్చే చేయి ఎంత బలమైనదో తెలిసినవాడు గనుకే ఆయన ఆ చేత్తో బాప్తిస్మం ఇవ్వడానికి తొందరపడలేదు.

విశ్రాంతి సంగతీ చెప్పాలి. పార్కుకు వచ్చేవాళ్లంతా సెలవు మీద వస్తారు, అక్కడ పనిచేసేవాళ్లకు మాత్రం అదే తీరిక లేని కాలం. ఆరు రోజులు హోటల్ పని, ఏడో రోజు రెండు మూడు ఆరాధనలు అయితే ఆ యువకుడికి విశ్రాంతి దినం ఎక్కడ? నాలుగో ఆజ్ఞ దాసునికీ దాసికీ కూడా విశ్రాంతి ఇచ్చింది (నిర్గమ. 20:10), ప్రసంగీకుడిని మినహాయించలేదు. బదరీ చెట్టు కింద చావు కోరుకుంటూ పడుకున్న ఏలీయాకు దేవుడు ముందు ప్రసంగం పంపలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు (1 రాజులు 19:5-8). కొండ మీద మెల్లని స్వరం వినిపించింది ఆ తరువాతే. సీజన్ మధ్యలో, జూలై నెలలో అలసిపోయి, ప్రార్థన చేయబుద్ధి కావడం లేదని బాధపడే ఇరవై ఏళ్ల యువకుడికి మేము ముందు చెప్పేది ఉపవాసం గురించి కాదు, ఒక పూట నిద్ర గురించి. అతని భారాన్ని బృందంలోని మరొకరు ఆ ఆదివారం తీసుకోవాలి. ఏసు శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడంటే అందుకు కారణముంది.

అక్కడి పని భద్రమైనదీ కాదు. 2022 జూన్ 13న వరదలొచ్చి ఎల్లోస్టోన్ ద్వారాలన్నీ మూసేశారు. పదివేల మందికి పైగా సందర్శకులను బయటికి పంపారు. దక్షిణ భాగం తొమ్మిది రోజులకు తెరుచుకుంది, ఉత్తర భాగానికి ఇంకా సమయం పట్టింది. సీజన్ మీదే ఆధారపడ్డవాడికి అలాంటి నాలుగు రోజులే సంవత్సరం లెక్కను తారుమారు చేస్తాయి. తోటి పనివాడి ఆ భయం పరిచర్య చేసేవాడికి పుస్తకంలో చదివిన భయం కాకూడదు. అతనికీ అదే జీతం, అదే గది, అదే అనిశ్చితి ఉంటేనే మాట చెవికెక్కుతుంది. వాక్యం శరీరధారియై మన మధ్య నివసించెనని యోహాను చెప్పింది ఇలాంటి దగ్గరితనం గురించే. ప్రభువు కూడా నజరేతులో వడ్రంగిగా గడిపిన సంవత్సరాలు బహిరంగ పరిచర్య సంవత్సరాల కంటే ఎక్కువ. పునరుత్థానం తరువాత సముద్ర తీరాన నిప్పులు రాజేసి చేపలు కాల్చి శిష్యులకు పెట్టాడు (యోహాను 21:9-13). పేతురుతో మాట్లాడాల్సిన పెద్ద మాట ఉంది, అయినా టిఫిన్ అయ్యాకే మాట్లాడాడు.

'పనే ఆరాధన, ఇక ఆదివారం ఆరాధన ఎందుకు' అనే మరో వాదం ఈమధ్య చదువుకున్న యువతలో వినిపిస్తోంది. దాన్ని మేము ఒప్పుకోం. అంత అందమైన పర్వతాల మధ్య కూడా జనం కూడుకోవాలి, వాక్యం చదవాలి, ప్రభువు బల్లలో పాలు పొందాలి. గ్రాండ్ టెటాన్ పార్కులో 1925లో కట్టిన ఒక చిన్న చాపెల్ ఉంది. బలిపీఠం వెనుక కిటికీలోంచి మంచు శిఖరాలు కనబడతాయి. ఎంత గొప్ప ప్రసంగీకుడైనా ఆ కిటికీతో పోటీపడలేడు. అయినా కొండ సిలువను గురించి చెప్పలేదు. పాపక్షమాపణ గురించి చెప్పడానికి ఒక మనిషి నోరు తెరవాల్సిందే.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అనిపించవచ్చు. మన సంఘాల్లోనూ సీజన్ పనివాళ్లున్నారు. మిరప కోతల కాలంలో, పత్తి తీసే కాలంలో, ఇటుక బట్టీలు నడిచే కాలంలో కుటుంబాలతో సహా ఊరు విడిచి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లు తిరిగొచ్చాక 'ఇన్ని ఆదివారాలు ఏమయ్యారు' అని అడుగుతాం. వెళ్లేముందు 'ఎక్కడికి వెళ్తున్నారు, అక్కడికి దగ్గర్లో ఏ సంఘముంది, ఎవరికి ఫోన్ చేసి చెప్పమంటారు' అని అడిగేవాళ్లు తక్కువ. వాళ్లతోపాటే బట్టీలో ఇటుకలు మోస్తూ సాయంత్రం పదిమందిని కూర్చోబెట్టి ప్రార్థించే ఒక సహోదరుడు ఉంటే అతన్ని సంఘం చేతులుంచి పంపాలి. అతడికి మైకు కొనివ్వక్కర్లేదు. కానీ ఏ రోజైనా జ్వరమొచ్చి కూలికి వెళ్లలేకపోతే ఆ రోజు ఇల్లు గడిచే ఏర్పాటు చేయాలి.

ఇంకొకటి. మన దగ్గర 'పూర్తికాలపు సేవ' అని పిలుచుకునేదానిలో చాలాచోట్ల పాస్టరమ్మ జీతం దాగి ఉంటుంది. ఆమె స్కూల్లో పాఠం చెప్పో, మిషను కుట్టో ఇల్లు నడిపిస్తుంటే ఆయన పూర్తికాలం సేవ చేయగలుగుతున్నాడు. ఆమె మనస్ఫూర్తిగా మోస్తోందా, మోయక తప్పక మోస్తోందా? ఈ ప్రశ్న ఆమెను సంఘ పెద్దలు ఎప్పుడైనా అడిగారా?

డిసెంబరు రాగానే అరకు వంటి చోట్ల పర్యాటకుల సీజన్. హోటళ్లలో, వ్యాన్ల మీద, టిఫిన్ బండ్ల దగ్గర పనిచేసే విశ్వాసులకు క్రిస్మస్ రోజే గిరాకీ ఎక్కువ. ఉదయం తొమ్మిదిన్నర ఆరాధనకు రాలేదని వాళ్లను నొచ్చుకునేలా మాట్లాడే బదులు, వాళ్ల షిఫ్ట్ ఎన్నింటికి అవుతుందో ముందే తెలుసుకోవచ్చు. రాత్రి పదకొండుకు అయితే పదకొండున్నరకు గుడి తలుపు తీసి ఉంచి, పాటల పుస్తకాలతోపాటు వేడి టీ కూడా సిద్ధంగా పెట్టవచ్చు. వారంతా అప్పటికే పొద్దుటి నుంచి ఇతరులకు వడ్డించి వచ్చి ఉంటారు.